భర్త వదిలి వెళ్లి మూడేళ్లు దాటింది, పెద్దలు కాగితం రాసుకోమంటున్నారు: పరిత్యాగం కింద విడాకులకు నాకు అర్హత ఉందా?

ప్రశ్న (గోపాలపట్నం నుంచి ఒక ఉపాధ్యాయిని)

అందరికీ నమస్కారం. నా వివాహం 2016లో సింహాచలంలో జరిగింది. మాకు ఏడేళ్ల పాప ఉంది. నేను ఒక ప్రైవేటు పాఠశాలలో తెలుగు బోధిస్తున్నాను. 2022 సంక్రాంతి వెళ్లిన వారానికి మా వారికి హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. గది కుదరగానే మమ్మల్ని కూడా తీసుకువెళతానని చెప్పారు. గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కించడానికి నేను, పాప స్టేషనుకు వెళ్లి సాగనంపి వచ్చాము. మొదటి ఎనిమిది నెలలు డబ్బు పంపారు, ఆ తరువాత మానేశారు. ఫోన్లు ఎత్తడం కూడా క్రమంగా మానేశారు. 2023 ఉగాదికి నాలుగు రోజుల ముందు, 'నేనిక రాను, నీ దారి నువ్వు చూసుకో' అని వాట్సాప్‌లో ఒక సందేశం పెట్టారు. దానికి నేను రాసిన సమాధానాలు, బతిమాలుతూ పెట్టిన సందేశాలు అన్నీ ఫోనులో ఉన్నాయి.

2024 కార్తీక మాసంలో అనకాపల్లిలో మా అత్తగారు కాలం చేశారు. కోడలిగా నేను చేయవలసినవన్నీ దగ్గరుండి చేశాను. ఆయన కర్మ పూర్తయ్యే వరకు అక్కడే ఉన్నారు. పాప ఏడుస్తుంటే చూడలేక మా మామగారు పట్టుబట్టడం వల్ల ఒక రాత్రి మా ఇంటికి వచ్చి, ముందు గదిలో పడుకుని, తెల్లవారుజామునే వెళ్లిపోయారు. ఆ తరువాత మళ్లీ కబురు లేదు.

ఇప్పుడు వారి వైపు పెద్దమనుషులు కూర్చుని ఒక కాగితం తయారు చేశారు. 'ఇరువురమూ మా ఇష్టపూర్వకంగా విడివిడిగా జీవిస్తున్నాము, ఇకమీదట ఒకరిపై ఒకరికి ఎటువంటి హక్కులూ ఉండవు' అని స్టాంపు కాగితం మీద రాసి, నేను సంతకం పెడితే మూడు లక్షలు ఇస్తామంటున్నారు. కోర్టుకు వెళితే ఏళ్లు పడుతుంది కాబట్టి సంతకం చేసి బయటపడమని మా అన్నయ్య అంటున్నాడు. కానీ నేను ఇష్టపడి విడిపోయానని నా చేత రాయిస్తున్న ఆ ఒక్క వాక్యం నాకు మింగుడు పడడం లేదు. ఆ కాగితంతో విడాకులు అయినట్టేనా? కోర్టుకు వెళితే పరిత్యాగం అన్న కారణం నాకు వర్తిస్తుందా? ఆయన వచ్చి ఉన్న ఆ ఒక్క రాత్రి వల్ల లెక్క మళ్లీ మొదటికి వస్తుందా? హైదరాబాదులో కేసు వేయాలా, ఇక్కడ వేయవచ్చా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

సమాధానం 1 (న్యాయవాది, విశాఖపట్నం)

అమ్మా, ముందుగా ఒక మాట. ఆ కాగితం మీద సంతకం చేయకండి. మీకు మింగుడు పడని ఆ వాక్యమే చట్టం దృష్టిలో కూడా అన్నిటికంటే ప్రమాదకరమైన వాక్యం. ఎందుకో చెప్పాలంటే పరిత్యాగం అంటే ఏమిటో కొంత వివరంగా చెప్పాలి.

కోర్టులో మేము దీనిని డిజర్షన్ అంటాము. 1955 నాటి హిందూ వివాహ చట్టంలో ఇది మొదట న్యాయ వేర్పాటుకు (వివాహం రద్దు కాకుండానే వేరుగా ఉండేందుకు కోర్టు ఇచ్చే డిక్రీకి) మాత్రమే కారణంగా ఉండేది. 1976 సవరణతో విడాకులకు కూడా కారణమై, 13వ సెక్షన్‌లో (1)(ఐబి) క్లాజుగా చేరింది. పిటిషన్ వేసే తేదీకి సరిగ్గా ముందు, తెగకుండా, కనీసం రెండేళ్లపాటు ఒకరు మరొకరిని విడిచిపెట్టి ఉండాలి. అయితే రెండేళ్లు వేరుగా ఉన్నంత మాత్రాన అది పరిత్యాగం కాదు. సరైన కారణం లేకుండా, మీ సమ్మతి లేకుండా లేదా మీ కోరికకు విరుద్ధంగా విడిచిపెట్టి ఉండాలని చట్టంలోని వివరణే చెబుతోంది. బుద్ధిపూర్వకంగా పట్టించుకోకుండా వదిలేయడం కూడా అందులోకే వస్తుందని అదే వివరణలో ఉంది. మీకు, పాపకు డబ్బు పంపడం మానేయడం, ఫోను ఎత్తకపోవడం ఇక్కడ ఉపయోగపడతాయి.

1956లో బిపిన్‌చంద్ర, ప్రభావతి దంపతుల కేసులో సుప్రీంకోర్టు చెప్పినదే ఈనాటికీ కొలమానం. విడిచి వెళ్లినవారి వైపు నుంచి రెండు విషయాలు కనిపించాలి: వాస్తవంగా వేరుగా ఉండడం, కాపురాన్ని శాశ్వతంగా తెంచుకోవాలన్న ఉద్దేశం. విడిచిపెట్టబడినవారి వైపు నుంచి కూడా రెండు విషయాలు కనిపించాలి: వారు సమ్మతించి ఉండకూడదు, అవతలివారు ఇల్లు విడిచి వెళ్లడానికి తగిన కారణాన్ని వారి ప్రవర్తన కల్పించి ఉండకూడదు. ఇప్పుడు మీ పెద్దమనుషుల కాగితాన్ని మళ్లీ చదవండి. 'ఇష్టపూర్వకంగా' అన్న ఒక్క మాటతో మీ సమ్మతి ఉన్నట్టు మీ సంతకమే సాక్ష్యం చెబుతుంది. రేపు మీరు పరిత్యాగం కింద పిటిషన్ వేస్తే, వారి వకీలు మొట్టమొదట దాఖలు చేసే పత్రం అదే అవుతుంది.

పోనీ ఆ కాగితంతోనే విడాకులు అయిపోతాయా అంటే అదీ లేదు. హిందూ వివాహాన్ని కోర్టు డిక్రీ మాత్రమే రద్దు చేస్తుంది. కులాచారం ప్రకారం జరిగే విడాకులను 29వ సెక్షన్ కాపాడుతున్నా, అటువంటి ఆచారం తమలో తరతరాలుగా ఉన్నదని దానిమీద ఆధారపడేవారు గట్టిగా రుజువు చేయాలి. స్టాంపు కాగితం, నోటరీ ముద్ర ఆచారం కావు. ఆ కాగితాన్ని నమ్ముకుని ఎవరైనా మళ్లీ వివాహం చేసుకుంటే ఆ వివాహం చెల్లదు. పైగా అది భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్ కింద నేరం కూడా అవుతుంది. మీ అన్నయ్యగారు మీ మేలు కోరే చెప్పి ఉంటారు, కానీ ఆ కాగితం మిమ్మల్ని ఎక్కడికీ బయటపడేయదు.

ఇక లెక్క సంగతి. మీరే స్వయంగా రైలు ఎక్కించి సాగనంపిన రోజు నుంచి రెండేళ్లు లెక్కపెట్టలేము, ఎందుకంటే ఆ ప్రయాణం మీ సమ్మతితో, ఉద్యోగం కోసం జరిగింది. మన ఇళ్లలో తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్లిన అమ్మాయి విషయంలో కూడా ఇదే పొరపాటు జరుగుతుంటుంది. పురిటికి పంపిన రోజు నుంచే లెక్కపెట్టి భర్తలు పిటిషన్లు వేస్తారు, అది నిలవదు. అయితే మొదట మంచి ఉద్దేశంతోనే దూరంగా వెళ్లినవారికి తరువాత ఒక రోజున తిరిగి రాకూడదన్న ఉద్దేశం కలిగితే, ఆ రోజు నుంచి పరిత్యాగం మొదలవుతుందని పైన చెప్పిన తీర్పులోనే ఉంది. మీ విషయంలో ఆ ఉద్దేశం ఆయన మాటల్లోనే, 2023 ఉగాది ముందు సందేశంలో బయటపడింది. అక్కడి నుంచి లెక్క వేసినా రెండేళ్లు దాటిపోయాయి.

ఒక్క రాత్రి బసను గురించి మీరు అడిగిన ప్రశ్న చాలా ముఖ్యమైనది. 2022లో సుప్రీంకోర్టు అస్సాంకు చెందిన దేబానంద తాములి కేసులో దాదాపు ఇలాంటి పరిస్థితినే పరిశీలించింది. అక్కడ అత్తగారు మరణించినప్పుడు భార్య ఒక్కరోజు అత్తవారింటికి వచ్చి వెళ్లింది. కాపురం తిరిగి మొదలుపెట్టాలన్న ఉద్దేశం లేని ఆ రాక వల్ల పరిత్యాగం తెగిపోదని కోర్టు భావించి, విడాకులు మంజూరు చేసింది. మీ ఇంట్లో జరిగినది కూడా చావు సందర్భంగా, పెద్దల బలవంతం మీద వచ్చిన రాకే. పిటిషన్‌లో దాన్ని దాచకుండా, ఎందుకు వచ్చారో, ఎక్కడ పడుకున్నారో, ఎప్పుడు వెళ్లారో మీరే ముందుగా రాయండి. మీరు దాచినది అవతలివారు బయటపెడితే మీ మిగతా మాటల మీద కూడా కోర్టుకు నమ్మకం తగ్గుతుంది.

కేసు ఇక్కడే, విశాఖపట్నం ఫ్యామిలీ కోర్టులోనే వేయవచ్చు. భార్య పిటిషనరు అయినప్పుడు ఆమె నివసించే చోటే దాఖలు చేసుకునే వీలును 2003 సవరణ 19వ సెక్షన్‌లో చేర్చింది. మీరు హైదరాబాదు తిరగనక్కర లేదు.

సమాధానం 2 (పెందుర్తి నుంచి ఒక పాఠకుడు)

న్యాయవాది గారు చెప్పిన 'తగిన కారణం' అన్న మాట ఎంత బరువైనదో నా సొంత అనుభవం చెబుతాను. ఇది చెప్పడం నాకు సులువు కాదు, కానీ ఇక్కడ చదివే మగవారికి ఉపయోగపడుతుందని రాస్తున్నాను. నా భార్య పుట్టింటికి వెళ్లి మూడేళ్లు తిరిగి రాకపోతే, ఆమె నన్ను విడిచిపెట్టిందని నేను పిటిషన్ వేశాను. ఇల్లు దాటినది ఆమే కాబట్టి తప్పు ఆమెదేనని నేను నిజంగానే నమ్మాను. క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఆమె తరఫు వకీలు నన్ను మూడు ప్రశ్నలే అడిగారు. ఆమె జీతం ఎవరి ఖాతాలో పడేది? ఆమె గదికి లోపల గడియ ఉండేదా? ఆమె వెళ్లిపోయిన తరువాత నేను ఎన్నిసార్లు వెళ్లి పిలిచాను? మూడింటికీ నేను చెప్పిన నిజాలు నా కేసును ముగించాయి. ఇంట్లో ఉండలేని పరిస్థితి కల్పించినవాడు ఇంట్లోనే కూర్చున్నా విడిచిపెట్టినవాడు అతడే అవుతాడని తీర్పులో రాశారు. ఆ రోజు కోపం వచ్చింది. ఇప్పుడు ఆ తీర్పు సరైనదేనని ఒప్పుకుంటున్నాను.

నేను వేసే ముందు ఒక నోటీసు పంపాను, 'వెంటనే వచ్చి కాపురం చేయవలెను' అని. అందులో నేను మారతానన్న మాట ఒక్కటీ లేదు. కేసు కోసం పంపిన పిలుపుకూ, మనిషి కోసం పంపిన పిలుపుకూ ఉన్న తేడాను కోర్టు సులభంగానే గుర్తించింది. సోదరీ, మీ సందేశాలు అలా కాదు. మీరు బతిమాలుతూ రాసినవి ఒక్కటి కూడా తుడిచివేయకండి.

సమాధానం 3 (విశ్రాంత కోర్టు ఉద్యోగి, మహారాణిపేట)

న్యాయపరమైన సంగతులు పైవారు చెప్పారు కాబట్టి, ముప్ఫై ఏళ్లు ఫైళ్లు చూసినవాడిగా కొన్ని ఆచరణ విషయాలు మాత్రం చెబుతాను.

వీటిలో మొదటిది చిరునామా. ఇలాంటి కేసుల్లో సగం ఆలస్యం సమన్లు తిరిగి రావడం వల్లనే జరుగుతుంది. ఆయన ఇప్పుడు ఉంటున్న గది చిరునామా, ఉద్యోగం చేసే చోటి చిరునామా, అనకాపల్లిలో తండ్రిగారి ఇంటి చిరునామా మూడూ సేకరించి ఇవ్వండి. ఎక్కడా దొరకకపోతే కోర్టు అనుమతితో పత్రికా ప్రకటన ద్వారా కూడా సమన్లు పంపవచ్చు. కొందరు తొందరపడి, అతడు ఉండడని తెలిసిన పాత చిరునామాకే సమన్లు పంపించి, రాలేదు కాబట్టి ఎక్స్‌పార్టీగా, అంటే అవతలివారు లేకుండానే, డిక్రీ తెచ్చుకుంటారు. రెండేళ్ల తరువాత అవతలివారు వచ్చి తమకు సమన్లే అందలేదని రుజువు చేస్తే ఆ డిక్రీ రద్దయి, కేసు మళ్లీ మొదటి నుంచి నడుస్తుంది. ఈలోగా మరో వివాహం చేసుకున్నవారి అవస్థ నేను కళ్లారా చూశాను.

ఎక్స్‌పార్టీ అయినా డిక్రీ దానంతట అదే చేతికి రాదు. 23వ సెక్షన్ ప్రకారం ప్రతివాది వచ్చినా రాకపోయినా కారణం రుజువైందని కోర్టు సంతృప్తి చెందాలి. అందుకని శుభలేఖ, పెళ్లి ఫోటోలు, దేవస్థానం ఇచ్చిన రసీదు, పాప జనన ధృవపత్రం, ఎనిమిది నెలలు డబ్బు పడి తరువాత ఆగిపోయినట్టు చూపే బ్యాంకు స్టేట్‌మెంట్ ఒకచోట పెట్టుకోండి. వాట్సాప్ సందేశాలను కాగితం మీద ముద్రించి ఇస్తే చాలదు, భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి. ఆ ఫోనును పాడుచేయకుండా, అమ్మకుండా ఉంచుకోండి. పక్కింటివారో, మీ పాఠశాలలో తోటివారో, ఆయన రాకపోకలు చూసినవారు ఒకరు సాక్షిగా వస్తే చాలా బలం.

దాంపత్య హక్కుల పునరుద్ధరణ కోసం 9వ సెక్షన్ కింద వేయమని మీకు ఎవరైనా సలహా ఇవ్వవచ్చు. భార్యాభర్తలను కోర్టు ఉత్తరువుతో కలపడం రాజ్యాంగ విరుద్ధమని 1983లో సరిత కేసులో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి పి.ఎ. చౌదరి గారు ఆ సెక్షన్‌నే కొట్టివేశారు. మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు వేరొక కేసులో ఆ సెక్షన్ చెల్లుతుందని తీర్పు ఇచ్చింది. ఆ డిక్రీ వచ్చాక ఏడాదిపాటు కలవకపోతే దాని ఆధారంగా విడాకులు అడగవచ్చు. మీకు ఇప్పటికే రెండేళ్లు నిండాయి కనుక ఆ చుట్టుతోవ అవసరం లేదని నా అభిప్రాయం.

ప్రశ్న అడిగినవారు

మీ అందరికీ కృతజ్ఞతలు. పెందుర్తి సోదరుడు రాసినది రెండుసార్లు చదివాను. మా అన్నయ్యకు కూడా చదివి వినిపించాను. నిజం చెప్పాలంటే నాకు విడాకులే కావాలో లేదో ఇంకా తేల్చుకోలేకపోతున్నాను. పాప ఫీజులు, ఇంటి అద్దె మాత్రం ఆగవు. విడాకులు అడగకుండా భరణం మాత్రం అడగవచ్చా? నాకు చిన్న ఉద్యోగం ఉంది కాబట్టి ఇవ్వరని అంటున్నారు. ఇంకొక భయం కూడా ఉంది. నేను కేసు వేస్తానని తెలియగానే ఆయన 'నేను వస్తాను' అంటే అప్పుడు ఏమవుతుంది?

సమాధానం 4 (మల్కాపురం నుంచి ఒక పాఠకురాలు)

ఈ చర్చలోనే ఒక చిన్న సందేహం అడుగుతున్నాను. మా చెల్లెలి వివాహం చర్చిలో జరిగింది. ఆమె భర్త కూడా ఇలాగే వెళ్లిపోయాడు. ఆమెకు కూడా ఇదే రెండేళ్ల లెక్కేనా?

సమాధానం 5 (న్యాయవాది, విశాఖపట్నం)

మల్కాపురం సోదరికి: అవును, క్రైస్తవులకు వర్తించే 1869 నాటి విడాకుల చట్టంలో, 2001 సవరణ తరువాత, కనీసం రెండేళ్ల పరిత్యాగం భార్యాభర్తలిద్దరికీ కారణమే. ప్రత్యేక వివాహ చట్టంలోనూ రెండేళ్లే. ముస్లిం మహిళలకు 1939 చట్టం వేరుగా ఉంది. భర్త ఆచూకీ నాలుగేళ్లు తెలియకపోయినా, రెండేళ్లు పోషించకపోయినా, తగిన కారణం లేకుండా మూడేళ్లు దాంపత్య బాధ్యతలు నెరవేర్చకపోయినా ఆమె కోర్టును ఆశ్రయించవచ్చు.

గోపాలపట్నం అమ్మకు: విడాకుల విషయం తేల్చుకోకపోవడంలో తప్పు లేదు. భరణం కోసం విడాకులు అడగాల్సిన పని లేదు. పూర్వం 125వ సెక్షన్ అని అందరికీ తెలిసినది ఇప్పుడు భారతీయ నాగరిక సురక్షా సంహితలో 144వ సెక్షన్ అయింది. దాని కింద మీకూ పాపకూ ఇక్కడి ఫ్యామిలీ కోర్టులోనే అడగవచ్చు. మీకు ఉద్యోగం ఉన్నంత మాత్రాన హక్కు పోదు. మీ సంపాదన మీ ఇద్దరి అవసరాలకు, ఆయన స్థాయికి తగినట్టు సరిపోతోందా అన్నదే ప్రశ్న. 2020లో రజనీష్, నేహా కేసులో సుప్రీంకోర్టు, ఇద్దరూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పులు ప్రమాణ పత్రంలో వెల్లడించాలని, భరణాన్ని దరఖాస్తు వేసిన తేదీ నుంచే ఇవ్వాలని చెప్పింది. కాబట్టి ఈ ఒక్క విషయంలో మాత్రం ఆలోచిస్తూ కూర్చోవద్దు. వేయని ప్రతి నెలా పోయిన నెలే. తరువాత ఎప్పుడైనా విడాకుల పిటిషన్ వేస్తే, కేసు నడిచే కాలానికి హిందూ వివాహ చట్టం 24వ సెక్షన్ కింద, తీర్పు తరువాతి కాలానికి 25వ సెక్షన్ కింద విడిగా అడగవచ్చు.

ఆయన వస్తానంటే ఏమవుతుందన్నది తెలివైన భయం. పిటిషన్ దాఖలు కాకముందు, రెండేళ్లు నిండినా సరే, విడిచిపెట్టినవారు నిజాయితీగా తిరిగి వచ్చి కాపురం చేస్తామంటే పరిత్యాగం అక్కడితో ముగుస్తుంది. కారణం లేకుండా మీరు కాదంటే ఆ దోషం మీ మీదికే మళ్లవచ్చు. 1956 నాటి ఆ కేసు మలుపు తిరిగింది ఇక్కడే. భార్య తిరిగి రావడానికి సిద్ధపడితే, ఆమెను పంపవద్దని భర్త టెలిగ్రాం ఇచ్చాడు. చివరకు విడాకులు కోరిన ఆ భర్తే ఓడిపోయాడు. అందుకని ఆయన నుంచి కబురు వస్తే విసురుగా జవాబు ఇవ్వకండి. ఎక్కడ ఉందాం, ఎప్పటి నుంచి, పాప బడి ఏమిటి, ఇంటి ఖర్చు ఎవరు భరిస్తారు అని రాతపూర్వకంగా అడగండి. నిజంగా వచ్చేవారు వీటికి జవాబు చెబుతారు. కేసు తప్పించుకోవడానికి అన్నవారు చెప్పలేరు, ఆ మౌనం కూడా మీ ఫోనులో నమోదవుతుంది.

పెద్దమనుషులకు నిజంగా సామరస్యమే కావాలంటే దానికి చట్టంలోనే దారి ఉంది. ఏడాదిగా వేరుగా ఉంటున్న దంపతులు 13బి సెక్షన్ కింద పరస్పర అంగీకారంతో ఉమ్మడిగా పిటిషన్ వేయవచ్చు. మధ్యలో ఉన్న ఆరు నెలల గడువును తగిన సందర్భాల్లో కోర్టు మినహాయించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. మూడు లక్షలో, ముప్ఫై లక్షలో, ఆ మొత్తాన్ని న్యాయమూర్తి ఎదుట రాసుకుంటారు. పాప పోషణ హక్కును మాత్రం మీరు వదులుకున్నట్టు రాసినా అది పాపను కట్టిపడేయదు.

వకీలు ఫీజు గురించి వెనకాడుతుంటే, జిల్లా కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయానికి వెళ్లండి. 1987 చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలందరికీ ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. 15100 నంబరుకు ఫోను చేసినా వివరాలు చెబుతారు.

ప్రశ్న అడిగినవారు

నిన్న సాయంత్రం మా అన్నయ్యే మామగారికి ఫోను చేసి, ఆ కాగితం మీద సంతకం పెట్టడం లేదని, వారికి అంత ఇష్టమైతే ఉమ్మడి పిటిషన్ వేసి పాప పేరున ఇవ్వదలచినది కోర్టులోనే రాయమని చెప్పాడు. మామగారు చాలాసేపు ఏమీ మాట్లాడకుండా ఉండి, కొడుకును అడిగి చెబుతానన్నారు. సోమవారం పాఠశాలకు సగం రోజు సెలవు పెట్టాను. బ్యాంకు స్టేట్‌మెంట్ తీసుకుని, న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లి ముందు భరణం దరఖాస్తు వేస్తాను. విడాకుల సంగతి ఆయన జవాబు చూశాక ఆలోచిస్తాను.